పెద్ద సంతయు, మన పఠనమందిరమును

(ఖానాపూరు పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



నేటి సాయంకాలము నన్ను మాటాడుమని కోరిన విషయము పైకి చూచుటకు చిన్నది. మన పట్టణపు వార్తలు, చర్చలు, పాటలు, ఫిర్యాదులు, పెండ్లిపిలుపులు మొదలు చావుకబుర్ల వరకు నేడు రెండు మూడు విదేశ సంస్థల యాప్‌లలో జరుగుచున్నవి. వానిపై నాధారపడుట తగ్గించుకొని, మనవంటి చిన్న సమాజములు స్వంత చోటులను ఏర్పరచుకొని, వానిని తమలో తాము కలుపుకొనుట సాధ్యమా, సాధ్యమైనను ఉచితమా యన్నదే ప్రశ్న. ఇది కంప్యూటర్లు తెలిసిన యువకుల వినోదమని కొందరు పెద్దలు నాతో ననిరి. నేను వకీలును, యంత్రముల లోగుట్టు నాకంటె బాగుగ నెరిగినవారు ఈ సభలోనే కలరు. కాని ఎవరి నేలపై ఎవరు నిలిచియున్నారు, ఏ హక్కుతో నిలిచియున్నారు అనునది మా వృత్తికి సంబంధించిన ప్రశ్న. ఆ త్రోవనే నేనీ విషయములోనికి వచ్చెదను.

మన ప్రాంతమున భూమి తగాదాలు చూచినవారికి కౌలు అనగా నేమో చెప్పనక్కరలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. మరుసటి సంవత్సరము హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము వచ్చినది. ఆ చట్టము అర్హుడైన సాగుదారునికి రక్షిత కౌలుదారుడను హోదా నిచ్చినది. చట్టము చెప్పిన కారణము లేక, విచారణ లేక వానిని వెడలగొట్టుటకు వీలులేకపోయెను. తరువాతి సవరణలవలన 38-ఇ పత్రము పొంది ఆ భూమికి స్వంతదారు డగుటకును దారి యేర్పడినది. ఆ పత్రముల తకరారులు నేటికిని కోర్టులలో నడచుచున్నవి. అవి నడచుచున్నవనగా హక్కు అనునది యొకటి పుట్టినదనియే గదా యర్థము!

ఇప్పుడు ఫోనులోని మన పొలమును చూడుడు. పది పదునైదు సంవత్సరములుగా దున్నితిమి, విత్తితిమి, పంట పండించితిమి. మన హోదా యేమి? చేరునాడు చదువక నొక్కిన ఒడంబడికలను నేను తీరికగా చదివితిని. వాని సారము రెండు మాటలలో చెప్పవచ్చును. షరతులు మార్చు అధికారము వారిది. మార్చిన షరతులు నచ్చనిచో వెడలిపోవు స్వాతంత్ర్యము మనది. నిజాము కాలమునాటి ఇష్టానుసారపు కౌలుదారునకు ఇంతకంటె తక్కువ హక్కు ఉండెనని నేను చెప్పజాలను. వానికి కనీసము దొర గడి యెక్కడనున్నదో తెలియును. పోయి వాకిట నిలుచుటకు వీలుండెను.

నాకు తెలిసిన యొక సేవాసంఘమునకు ఒక పెద్ద వేదికపై పుట యుండెడిది. రక్తదాతల పట్టిక, వరదసహాయపు లెక్కలు, 2011 లో సకల జనుల సమ్మె 42 దినములు సాగిననాటి దీక్షాశిబిరముల ఛాయాచిత్రములు అందుండెను. ఒకనాటి ఉదయము ఆ పుట లేదు. నియమము నుల్లంఘించితిరని ఒక వాక్యము వచ్చినది. ఏ నియమమో, ఏ వ్రాతవలననో చెప్పబడలేదు. వారి పక్షమున రెండు దరఖాస్తులు నేనే వ్రాసితిని. రెంటికిని ఒకే జవాబు, ఒకే అక్షరములతో వచ్చినది. వ్రాసినది మనిషి కాదని రెండవసారి స్పష్టమైనది. ఛాయాచిత్రములలో కొన్ని పాత ఫోనులనుండి దొరకినవి. రక్తదాతల పట్టికను మరల ఇంటింటికి తిరిగి వ్రాయవలసి వచ్చినది.

ఇది మారుమూల ఊరివారికే కలుగు దుఃస్థితి యనుకొనవలదు. 2019 అక్టోబరు చివర, సుప్రీంకోర్టున సీనియర్ న్యాయవాదియగు శ్రీ సంజయ్ హెగ్డేగారి ట్విట్టరు ఖాతా నిలుపబడెను. వారు తమ పుటపై నుంచుకొన్నది ప్రసిద్ధమైన యొక ఛాయాచిత్రము. 1936 లో జర్మనీ దేశపు హాంబర్గు ఓడల కర్మాగారమున నందరును చేయి చాచి నాజీ వందనము చేయుచుండగా, ఒక్క మనుష్యుడు చేతులు కట్టుకొని నిలుచున్న చిత్రమది. ఆ మనుష్యుడు ఆగస్ట్ లాండ్‌మెస్సరని చెప్పుదురు. ద్వేషమునకు లొంగని ఆ చిత్రమునే ద్వేషచిత్రముగా ఎంచి ఖాతా నిలిపిరి. విడిచిరి, ఒక హిందీ కవిత విషయమున మరల నిలిపిరి. ఆయన లాయరు నోటీసిచ్చి, ఆ సంవత్సరాంతమున ఢిల్లీ హైకోర్టున రిట్టు దాఖలు చేసిరి. లక్షలమంది మాటాడుకొను చోటును నడపు ప్రైవేటు సంస్థ పౌరుని వాక్స్వాతంత్ర్యమునకు బాధ్యత వహింపవలెనా, వలదా యన్నది అందలి ప్రశ్న. అది మంచి ప్రశ్న. కాని కోర్టులలో మంచి ప్రశ్నలకు జవాబు వచ్చులోపల జనుల నోళ్లు మూయబడియుండుట నేను వృత్తిలో నిత్యము చూచుచున్న సంగతి.

ఆ నవంబరులో మనదేశమున నొక వింత జరిగెను. హెగ్డేగారి కిట్లయిన మాకేల కాదని వేలకొలది భారతీయులు ట్విట్టరు విడిచి మాస్టొడాన్ అను చోటునకు తరలిరి. దానిని 2016 లో యూజెన్ రోచ్కో అను జర్మనీ యువకుడు వెలువరించెను. మూడు నాలుగు వారములు ఆ సందడి సాగెను. పిమ్మట చాలమంది పాత చోటికే తిరిగివచ్చిరి. వచ్చినవారిని చంచలురని నేను నిందింపను. తమ పాఠకులు, మిత్రులు, ప్రతిపక్షులు సైతము పాత చోటనే యుండగా, తానొక్కడు ఖాళీ మైదానమున నిలిచి ఎవరితో మాటాడును? సంత ఎంత మురికిదైనను కొనువాడు అచ్చటనే యుండును.

2022 అక్టోబరు 27 న ఆ ట్విట్టరునే అమెరికా ధనికుడు ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు కొనెను. మరుసటి సంవత్సరము దానికి ఎక్స్ అని పేరు మార్చెను. కొన్న కొలది వారములలో మాస్టొడాన్‌లో నెలకొకసారియైన వచ్చువారి సంఖ్య సుమారు 3 లక్షలనుండి 25 లక్షలకు పెరిగినదని దాని నడపువారే ప్రకటించిరి. ఈసారియు ఆ సంఖ్య తరువాత తగ్గెను; కాని మొదటి స్థానమునకు దిగలేదు. ప్రతి వరదకును కొంత ఒండ్రు మిగులును.

ఇట్లు పోవుట, తిరిగివచ్చుట ఏల జరుగుచున్నది? మీ ఫోను నంబరును తలచుకొనుడు. 2011 జనవరి 20 న దేశమంతట నంబరు మార్పిడి పద్ధతి అమలులోనికి వచ్చినది. అంతకుముందు కంపెనీ నచ్చకున్నను మార్చుటకు జంకెడివారము, ఏలయన నంబరు మారిన చుట్టపక్కము లందరికిని తెలుపవలెను. అప్పులవారికి సంతోషము, అల్లునివారికి కోపము. ఆ పద్ధతి వచ్చిన పిమ్మట నంబరు మనది, కంపెనీ మన ఇష్టము. కంపెనీలకు భయమన్నది తెలిసినది. సామాజిక వేదికల విషయమున అట్టి హక్కు మన చట్టములో లేదు. యూరపు దేశములలో 2018 మే 25 నుండి అమలులోనున్న చట్టమున తన సమాచారమును ఒకచోటనుండి మరియొకచోటికి తీసికొనిపోవు హక్కు వ్రాయబడినది. మనకు 2019 లో పార్లమెంటున ప్రవేశపెట్టిన బిల్లులో నది యుండెను. 2023 లో చట్టమై వచ్చిన ప్రతిలో నది లేదు. ఎందుకు తీసివేసిరని అడుగవలసిన పార్లమెంటు సభ్యులు మనకును కలరు గదా.

చట్టము ఇయ్యని హక్కును కొంతవరకు నిర్మాణమే ఇయ్యగలదు. ఇక్కడ యువకులు చెప్పు సమాఖ్య పద్ధతి వచ్చును. దానిని నాకు తెలిసిన భాషలో చెప్పెదను. 1874 లో స్విట్జర్లాండు దేశపు బెర్ను నగరమున 22 దేశములవారు కూడి తపాలా ఒడంబడిక చేసికొనిరి. ఏ దేశపు తపాలా ఆ దేశమువారిదే. ఒకరి స్టాంపు లొకరు ముద్రింపరు. కాని ఒకరు వేసిన ఉత్తరమును మరియొకరు చేరవేయుదురు. ఖానాపూరు డబ్బాలో వేసిన కార్డు లండను చేరుటకు ఆ రెండు ఊళ్లకు ఒకే యజమాని యుండనక్కరలేదు. ఈమెయిలు నేటికిని ఇట్లే నడచుచున్నది. సామాజిక సంభాషణకు నట్టి ఒడంబడికను యాక్టివిటీపబ్ అను పేరున 2018 జనవరిలో ప్రపంచవ్యాప్త వెబ్ సంఘము ఆమోదించినది. ఆ ఒడంబడికను పాటించు సర్వరు ఒకటి నిర్మల్‌లో, ఒకటి జగిత్యాలలో, ఒకటి అమెరికాలోని తెలుగువారి సంఘమున నుండవచ్చును. దేని నియమములు దానివి. ఇచ్చటివాడు అచ్చటివాని వ్రాతను చదువవచ్చును, జవాబీయవచ్చును. నచ్చకున్న సర్వరు మార్చుకొనవచ్చును. మార్చినపుడు మనలను అనుసరించువారు మనవెంట వత్తురు. పాత వ్రాతలు మాత్రము కొత్తచోటికి రావు. వానిని మూటగట్టి యింట దాచుకొనవలెను. ఈ లోపమును దాచి చెప్పువారిని నమ్మకుడు.

ఇంతకు ఈ పద్ధతి మనకు కొత్తదా? నేను కాదందును.

1921 నవంబరు 12 న హైదరాబాదు వివేకవర్ధిని మందిరమున సంఘసంస్కార సభ జరిగినది. అధ్యక్షులు మహర్షి కార్వే. ఆంగ్లమున మాటాడినవారిని విన్నారు, మరాఠీలో మాటాడినవారిని విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావుగారు, మావంటి న్యాయవాదియే, తెలుగున మాటాడుటకు లేచినంతనే చప్పట్లు, గేలి, అల్లరి. ఆ సభ చిన్నది కాదు, చెడ్డది కాదు, అందున్నవారు సంస్కారులే. అయినను తెలుగువాని నోటికి అచ్చట చోటు లేకపోయెను. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమైరి.

ఇచ్చట నేను మీ దృష్టిని నిలుపగోరుదును. వారు ఆ పెద్దసభవారికి క్షమాపణ కోరుచు విజ్ఞప్తి పంపి యూరకుండలేదు. అంతకంటె పెద్దసభ నొకదానిని కట్టి, తాము గద్దెనెక్కి ఇతరుల నోళ్లు మూయింపనులేదు. ఊరూర చిన్న సంఘములు, చిన్న గ్రంథాలయములు, చిన్న పఠనాలయములు వెలసినవి. 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904 నాటి హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము అంతకుముందే దారి చూపియుండెను. 1923 నాటికి ఆ చెదరియున్న సంఘములను కలుపు కేంద్రసంఘ మేర్పడినది. ఏ ఊరి సంఘము ఆ ఊరిదే. కేంద్రము వానిని కలుపు దారము. సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలెనను గస్తీ నిషాన్ 53 నెత్తిపైనుండగా ఈ పని జరిగెను. 1930 లో జోగిపేట మహాసభ, 1935 లో మన పొరుగుననున్న సిరిసిల్ల మహాసభ ఆ చిన్న సంఘముల పునాదిపై నిలిచినవే. ఒకచోట తాళము వేసిన మరియొకచోట దీపము వెలుగుచుండెను.

1926 లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను పెట్టినదియు ఇట్టి యవసరమువలననే. నిజాము రాజ్యపు తెలుగునాట కవులే లేరని ఒకరు వ్రాయగా, 1934 లో 354 మంది కవుల సంచికను అచ్చువేసి చూపిరి. అచ్చుయంత్రము తమదగుటచేత ఆ జవాబు సాధ్యమైనది. పరుల పత్రికలో ఉత్తరము వ్రాసియున్న, అది సంపాదకుని చెత్తబుట్టలో నుండెడిది.

ఇంకను దగ్గరి ఉదాహరణ కావలెనన్న మన చెరువులను చూడుడు. కాకతీయుల నాటినుండి ఈ నేలపై నీటిని నిలిపినవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండి అలుగు పారిన క్రిందిచెరువునకు నీరు వచ్చును. ఏ చెరువు కట్ట ఆ ఊరివారిది. ఒక కట్ట తెగిన నష్టము కలదు, కాని దేశము మునుగదు. ఇక పెద్ద కట్టడము సంగతి. మనకు సదర్మాటు కాలువ కలదు, కడెము ప్రాజెక్టు కలదు. వాని మేలును నేను కాదనను, వాని నీళ్లు త్రాగియే ఈ ఊరి పొలములు బ్రతుకుచున్నవి. కాని 2022 జూలైలో కడెము వద్ద గేట్లు విడువగలదానికంటె మిక్కిలి యెక్కువ నీరు వచ్చి, కట్ట నిలుచునో లేదో యని దిగువ గ్రామములను ఖాళీ చేయించిన రాత్రిని మీరు మరచియుండరు. కట్ట నిలిచినది. ఆ దినములలో ఫోనులలో నేమి జరిగెనో గూడ జ్ఞాపకము చేసికొనుడు. పెద్ద వేదికలు వార్తలను వచ్చిన వరుసలో చూపవు. ఏది చూపిన మనము ఎక్కువసేపు చూతుమో దానిని ముందు చూపును. వినోదమున కది సరిపోవచ్చును. నీరు గేట్లెక్కిన వేళ నిన్నటి బొమ్మ, పోయిన ఏటి బొమ్మ, మరియొక ప్రాజెక్టు బొమ్మ ఒకే తెరపై కలిసి వచ్చిన, ఇల్లు విడువవలెనో వలదో యెరుగుట యెట్లు? మాస్టొడాన్ వంటి చోటులలో మన యింటివరుస వ్రాతలు కాలక్రమమున వచ్చును. వరద వేళకు నా కదియొక్కటియే చాలును.

చెరువునకు తూము ఎట్లో, తూమునకు నీరటికాడు అట్లు. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు విడువవలెనో వాడెరుగును. వానికి ఊరివారే పంటనుండి వాటా ఇత్తురు. వాడు పక్షపాతము చూపిన మరునాటి ఉదయము కట్టపైననే నిలదీయుదురు. చిన్న సమాజపు సర్వరునకు కావలసినది అట్టి నీరటికాడు. తిట్లు, అబద్ధములు, ఆడువారిని వేధించు వ్రాతలు తొలగించువాడు ఊరిభాష తెలిసినవాడై యుండవలెను. మన తెలంగాణపు మాటలో ప్రేమతో నన్నది తిట్టువలె వినబడును, మర్యాదగా నన్నది కత్తివలె గ్రుచ్చును. దూరదేశపు యంత్రము ఆ భేదము నెట్లు గ్రహించును? ఇక గోండి సంగతి చెప్పనేల? ఈ జిల్లాల అడవి గ్రామములలో వేలకొలది ఇండ్లలో గోండి పలుకుచున్నారు. ఆదిలాబాదు ప్రాంతమున నార్నూరు మండలపు గుంజాల గ్రామమున దొరకిన ప్రతులలోని గోండి లిపికి 2018 లో యూనికోడులో స్థానము లభించినది. లిపికి చోటు దొరకినది. మాటకు చోటు ఇంకను మనమే చూపవలెను. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుండి సీజీనెట్ స్వర అనునది ఒక మంచి త్రోవ చూపినది. అడవిలోని మనిషి ఫోను చేసి తన భాషలో తన సంగతి చెప్పును. ఇతరులు ఫోనులోనే విందురు. చదువు రాకున్నను, గొప్ప ఫోను లేకున్నను పనిజరిగెను. మన యువకులు మాస్టొడాన్ సర్వరును గూర్చి ఎంత ఉత్సాహపడినను, ఖానాపూరు చుట్టునున్న గూడెములకు గొంతు ముఖ్యము, అక్షరము తరువాత అని నా అభిప్రాయము.

పెద్ద సంత ఎల్లకాలముండునని తలంచువారికి నొక్క మాట. 2014 సెప్టెంబరు 30 న ఆర్కుట్ మూతపడినది. 2019 ఏప్రిల్ 2 న గూగుల్ ప్లస్ మూతపడినది. ప్రవాసాంధ్రుల సాహిత్యచర్చలు వేలకొలది ఉత్తరములుగా సాగిన రచ్చబండ వంటి సమూహములకు ఇల్లైన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయినవి. మనదేశపుదేయని గర్వించిన కూ అను యాప్, తెలుగున గూడ నడచినది, 2024 జూలైలో ఆగిపోయినది. స్వదేశీయ మైనంత మాత్రమున నిలుచునని గాదు. ఒకే యజమాని, ఒకే ఖజానా యైనచోట ఖజానా ఎండిన దినమే అందరికిని ఆఖరు దినము. దీనికి ప్రక్కన 2003 లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను పెట్టి చూడుడు. జీతము లేని మనుష్యులు వ్రాసినది. వ్రాసినదానిని ఎవరైనను నకలు తీసి మరియొకచోట నిలుపుటకు అనుమతి గలది. అందుచేత దానిని ఎవరును అమ్మజాలరు, మూసినను పూర్తిగ మాపజాలరు.

ఉచితముగ వచ్చుదానిని ఎవరు వదలుదురని అడుగుదురు. 2016 ఫిబ్రవరి 8 న ట్రాయ్ సంస్థ, కొన్ని సైట్లకు మాత్రము వేరు ధర పెట్టుట చెల్లదని నిర్ణయించినది. ఉచితమని ఫేస్‌బుక్‌వారు తెచ్చిన ఫ్రీ బేసిక్స్ పథకము దానితో మనదేశమున నిలిచిపోయినది. హైదరాబాదులోని స్వేచ్ఛ మొదలగు స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు సంఘముల యువకులు ఆనాడు వీధులలో నిలిచిరి. ఉచితమును కాదనుట మనవారికి రాదనువారు ఆ సంగతిని మరచిరి.

ఇక చట్టము. స్వంత సర్వరు నడపుదమనువారు దీనిని శ్రద్ధగా వినవలెను. సర్వరు నడపిన దినమునుండి మీరు సమాచార సాంకేతిక చట్టమున మధ్యవర్తి యగుదురు. ఇతరులు వ్రాసినదానికి మీకు శిక్ష పడకుండ 79 వ సెక్షను రక్షణ ఇచ్చును, కాని తగు జాగ్రత్త పాటించిననే. 2015 మార్చి 24 న శ్రేయా సింఘాల్ తీర్పున సుప్రీంకోర్టు 66-ఎ సెక్షనును కొట్టివేసి, కోర్టు ఉత్తరువో ప్రభుత్వ ప్రకటనో వచ్చినపుడే తొలగింపవలెనని 79 వ సెక్షనునకు అర్థము చెప్పినది. 2021 నియమములలో 50 లక్షలకు మించిన సభ్యులు గల పెద్దవారికి అదనపు భారములు కలవు, మనకవి లేవు. కాని నియమములు ప్రకటించుట, ఫిర్యాదులు వినువాని పేరు పుటపై పెట్టుట, గడువులోపల జవాబిచ్చుట చిన్నవారికిని తప్పదు. గుంపు నడపువానిపైకి ప్రతి సభ్యుని తప్పును నెట్టరాదని 2021 లో బొంబాయి హైకోర్టు నాగపూరు పీఠమును, 2022 లో కేరళ హైకోర్టును వాట్సాప్ గుంపుల విషయమున చెప్పినవి. ఆ తీర్పులు ఊరట నిచ్చును. నిద్రపోవుటకు అనుమతి నీయవు. పోలీసు నోటీసు వచ్చిన దినమున మీ ప్రక్కన నిలుచు వకీలు ఎవరో ముందే తెలిసియుండవలెను. ఆ పనికి నేను పేరిచ్చుచున్నాను, రుసుము లేదు.

చిన్నదానిలో చెడుగు లేదని నేననను. చిన్న చెరువులో మొసలి యుండిన దాగుటకు చేపలకు చోటుండదు. ఊరిలోని కులము, కక్ష, ఎన్నికల వైరము సర్వరులోనికిని వచ్చును. నడపువాడు తలచిన సభ్యుల ఆంతరంగిక సందేశములను చదువగలడు. మాస్టొడాన్‌లో నవి తాళము వేసిన ఉత్తరములు కావు, పోస్టుకార్డులు. కావున రహస్యములు అచ్చట వ్రాయరాదు. నడపువాడు విసిగి ఒకనాడు మూసివేయవచ్చును. పరదేశములలో నట్లు మూసినవి కలవు. దుర్మార్గులు సైతము చిన్నచోటులు కట్టుకొందురు. 2019 లో గాబ్ అను ద్వేషపు వేదిక మాస్టొడాన్ సాఫ్ట్‌వేరునే తీసికొని ఆ సమాఖ్యలోనికి వచ్చినది. పెక్కు సర్వరులవారు దానితో పొత్తు మానుకొనిరి. దాని మాట వీరికి వినబడలేదు. ఏ రాజును ఫర్మానా తీయలేదు. ఊళ్లన్నియు ఎవరికివారు తలుపు వేసికొన్నవి. ఈ పద్ధతికి అదియొక బలము. కాని అదే తలుపు రేపు బలహీనుని ముఖముపై వేయబడకుండ చూచుట నడపువారి ధర్మము.

వర్తకులు నన్నడిగిరి: ఉన్నపళముగా పెద్ద వేదికలు విడిచిన మా గిరాకి పోదా యని. పోవును. విడువవలెనని నేననుట లేదు. పసుపు ధర, పత్తి ధర తెలియుటకు, దుబాయిలోనున్న కొడుకు ముఖము చూచుటకు అవి కావలెను. నేను కోరునది వేరు. మూలప్రతి మనయింట నుండవలెను, నకలు సంతకు పోవలెను. నేడు దానికి తలక్రిందుగా జరుగుచున్నది. మూలము సంతలో నున్నది, ఇంట నేమియు లేదు. మన పఠనమందిరపు కార్యక్రమములు, రక్తదాతల పట్టిక, వరద హెచ్చరికలు, ఈ ఊరి వృద్ధుల నోటినుండి రికార్డు చేసిన పాటలు మొదట మన సర్వరుపై నుండనిండు. తరువాత వాని నకళ్లను ఎన్ని యాప్‌లలోనైన పెట్టుకొనవచ్చును. ఒక యాప్ తలుపు మూసినను మనము వీధిలో పడము. రక్తదాతల ఫోను నంబర్లు మాత్రము బహిరంగముగా పెట్టరాదు; 2023 చట్టము ప్రకారమే గాక మర్యాద ప్రకారమును అవి వారివి.

ఖర్చు గూర్చి యువకులతో లెక్క చూచితిని. మూడు నాలుగువందల మందికి సరిపడు సర్వరు అద్దె నెలకు రెండు వేల రూపాయలు దాటదని వారనిరి. నెలకు పది రూపాయలచొప్పున రెండువందలమంది ఇచ్చిన సరిపోవును. ధనికుడు ఒకడు అంతయు ఇచ్చెదనన్నను తీసికొనవలదని నా సలహా. అప్పుడది వాని గడి యగును. సర్వరు తాళపుచెవి ఒక్కని చేతిలో నుండరాదు, ముగ్గురివద్ద నుండవలెను; ముగ్గురును ఒకే ఇంటివారు, ఒకే కులమువారు, ఒకే పార్టీవారు కారాదు. ప్రతి శనివారము అంతటి నకలు తీసి ఈ మందిరపు బీరువాలోని డిస్కులో నుంచవలెను. నీరటికాండ్రుగా నలుగురు కావలెను. అందు ఇద్దరు స్త్రీలు, గోండి తెలిసినవారొకరు తప్పక యుండవలెను. లంబాడీ తండాలనుండి ఒకరు వచ్చిన మరియు మేలు.

పేర్లిచ్చువారు వాకిటి బల్లమీద నున్న పుస్తకమున వ్రాయవచ్చును. నియమముల ముసాయిదా నేను వ్రాసి తెచ్చితిని, మూడు పుటలున్నది. వచ్చు ఆదివారము దానిని ఇచ్చటనే పంక్తి పంక్తిగా చదువుదము. కొట్టివేయవలసినవి కొట్టివేయుటకు ఎర్రసిరా కలములు తెచ్చుకొనుడు.